కోరంగి: రేవు, పేరు, ఇసుక

కాకినాడనుండి యానాము పోవు మార్గమున, గౌతమీశాఖ యొకటి మడయడవుల మీఁదుగా సముద్రమును జేరుచోటఁ గోరంగి యను గ్రామము కలదు. చొల్లంగి యమావాస్యాస్నానమునకుఁ బోయిన నేను మఱునాఁ డా గ్రామమును జూచితిని. ఓడలను గట్టుటకును మరమ్మతుచేయుటకును బ్రసిద్ధికెక్కిన యీ రేవునందు నాకుఁ గానవచ్చినవి చేపల పడవలు మాత్రమే.

సప్తసాగరయాత్రయందుఁ జొల్లంగి తుల్యభాగాసంగమము, కోరంగి యాత్రేయసంగమము. మారీచుఁడు మాయాకురంగమై యిచటఁ బడుటచేఁ గోరంగి యను పేరు గలిగెనని స్థలజ్ఞుల వాడుక. కురంగశబ్దమునకుఁ దద్ధితప్రత్యయము వచ్చి యాదివృద్ధి యైనచోఁ గౌరంగ మగును. ప్రాకృతమార్గమున ఔకార మోకార మగుట కలదు గాన రూప మసాధ్యము గాదు. కాని రూపసిద్ధి వేఱు, చరిత్రసిద్ధి వేఱు. దేశ్యమైన గ్రామనామమునకుఁ బిదపఁ గథ యేర్పడుట మనకుఁ గ్రొత్త గాదు.

ఈ పేరునకు నిశ్చితమైన చరిత్ర సముద్రమున కావలఁ గలదు. 19వ శతాబ్దమున బర్మాకుఁ గూలిపనికిఁ బోయిన తెలుఁగువారిని, వా రే గ్రామమువారైనను, అచటఁ 'గోరంగీ'లని పిలిచిరి. రేవు పేరే యొక జనమునకుఁ బేరయ్యెను.

రేవు క్షీణించుటకు రెండు తుపానులను గారణముగాఁ జెప్పుదురు. 1789 డిసెంబరులో మూఁడు మహాతరంగములు వరుసగా వచ్చి యూరిని ముంచెను. సుమారు 20,000 మంది మరణించిరని వ్రాఁతలు కలవు. 1839 నవంబరులో మరల నుప్పెన వచ్చెను. దీనియందు 3,00,000 మంది మడిసిరని పలుగ్రంథములు చెప్పుచున్నవి. ఒక రేవునందును దాని పరిసరములందును నంతటి జనసంఖ్య యుండెననుట విశ్వసింపఁదగదు. ఒకరి వ్రాఁతను జూచి మఱియొకరు వ్రాయుటచే సంఖ్య ప్రమాణమైనట్లు తోఁచుచున్నది. పాఠశాలలలో దీనిని బోధించువారు సంశయముతోడనే చెప్పుట మేలు.

తుపాను లొక్కదినమున నాశనము చేసినవి. ఇసుక తఱతరములుగాఁ జేసినది. గోదావరి తెచ్చిన యిసుకమట్టి కాలువలను బూడ్చి, కాకినాడ యఖాతమునకుఁ దూర్పున సుమారు 16 కిలోమీటర్ల పొడవైన యిసుకతిన్నె నేర్పఱచినది. దీనినే హోప్ ఐలాండు అందురు. నౌకలకు నీరు చాలక వర్తకము కాకినాడకుఁ దరలినది.

ఆ యిసుకయే మఱియొక జీవజాతికిఁ బ్రసూతిగృహమైనది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ముఖ్యముగా జనవరి మొదలు మార్చివఱకు రాత్రులయం దీ తీరమున కెక్కి, గోతులు త్రవ్వి, యొక్కొక్కటి నూఱింటికి మించియు గ్రుడ్లు పెట్టును. పిల్లలు సుమా రేడెనిమిది వారములకు వెడలి వెలుఁగు దిక్కునకుఁ బ్రాఁకును. కావున దీపములు వానికిఁ బెడదారి చూపును. 1978లో నీ మడయడవులు కోరంగి వన్యప్రాణిసంరక్షణాలయములోఁ జేర్పఁబడెను. అయినను వలలఁ జిక్కి తల్లితాబేళ్లు చచ్చుట నిలువలేదు. ఎగువ నానకట్టలచే మట్టి తగ్గుటవలన డెల్టాతీరము కోఁతకును లోనగుచున్నది.

రేవును జంపిన యిసుక తాబేళ్లకు నిలుకడ నిచ్చినది. నేఁ డా యిసుకకే లోటు వచ్చుచున్నది. కోరంగిని జూడఁబోవువారు శిథిలములకై వెదకిన నిరాశఁ బొందుదురు. పూడిన కాలువల పేళ్లను, ముసలివారు చెప్పు ప్రయాణకథలను, వ్రాసికొని రండు. ఆ చరిత్ర యిఁక నెవ్వరి నోటను మిగులక మునుపే దానిని భద్రపఱుపవలసి యున్నది.