వేలిముద్ర లేని చేతులు: వేలూరు, గుడియాత్తం ప్రాంతపు ఒక చరిత్ర

పాలారు పరివాహకంలోని వేలూరు, గుడియాత్తం ప్రాంతం చాలాకాలంగా చేతిపని మీద బతికినది. గుడియాత్తంలో మగ్గాల మీద లుంగీలు నేయడం, అగ్గిపెట్టెలు తయారుచేయడం, ఇంటి అరుగు మీద కూర్చుని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టడం, ఇవన్నీ వేళ్ల నేర్పుతోనే కూలి పుట్టే పనులు. అలాంటి చోట కుష్ఠు వ్యాధి వేళ్లను ముడిచివేస్తే మనిషి ఆరోగ్యంతోపాటు జీవనోపాధినీ, కుటుంబంలో స్థానాన్నీ కోల్పోయేవాడు. పూర్వజన్మ పాపఫలమని హిందూ సమాజం, అశుద్ధమని పాత నిబంధన చదివిన క్రైస్తవ సమాజం ఈ వ్యాధికి అర్థం చెప్పుకోవడంతో, రోగి శరీరం మీద మతం వేసిన తీర్పు వైద్యానికి అడ్డుగోడగా నిలిచింది.

మిషనరీ వైద్యురాలు ఈడా స్కడర్ వేలూరులో 1900లో ఒకే మంచంతో మొదలుపెట్టిన చికిత్సాలయం క్రమంగా క్రిస్టియన్ మెడికల్ కాలేజీగా ఎదిగింది. కొల్లిమలైలో 1914లో మిషనరీ దంపతులకు పుట్టిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ 1946లో ఆ కాలేజీకి వచ్చాడు. కొద్దికాలానికే కుష్ఠు నిపుణుడు రాబర్ట్ కాక్రేన్ చెంగల్పట్టు ఆశ్రమంలోని రోగులను అతనికి చూపించాడు. ముడుచుకుపోయిన వేళ్లలోనూ పిడికిలి బలం మిగిలే ఉందని గమనించిన బ్రాండ్, చచ్చుబడినవి కొన్ని కండరాలేననీ, ముంజేతి కండరాలు చెక్కుచెదరలేదనీ గ్రహించాడు. అందుకే ఆరోగ్యంగా ఉన్న కండరపు స్నాయువును, అంటే కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడువంటి భాగాన్ని, దారి మళ్లించి వేళ్లకు అతికించే పద్ధతిని 1940ల చివరినుంచి వేలూరులో అభివృద్ధి చేశాడు. అంతకంటే ముఖ్యంగా, వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోవనీ, నొప్పి తెలియకపోవడంవల్ల కాలిన, కోసుకున్న గాయాలను పట్టించుకోకపోవడమే నష్టానికి కారణమనీ అతని పరిశీలన తేల్చింది. రాత్రివేళ నిద్రలో ఎలుకలు కొరికినా తెలియని రోగులకు పిల్లులను ఇచ్చి పంపిన సందర్భాలు కూడా ఉన్నాయి. వ్యాధికి దైవశాపమనే వివరణను ఇంతగా బలహీనపరచిన వాదం మరొకటి లేదనవచ్చు, ఎందుకంటే ఇది శాపం ఉన్నచోట కారణాన్ని చూపింది.

అయితే శస్త్రచికిత్సతో పని ముగియలేదు. చేతులు బాగుపడి ఊరికి వెళ్లినవారికి ఎవరూ పని ఇవ్వలేదు, బాగుపడిన చేతులతో బిచ్చం కూడా పుట్టలేదు. యౌవనంలో లండన్‌లో గృహనిర్మాణపు పని నేర్చిన బ్రాండ్, కాలేజీ ఆవరణలోనే నవజీవన కేంద్రం ఏర్పరచి వడ్రంగం నేర్పించాడు. రోగి చేతికి తగినట్టు ఉలి పిడిని, సుత్తి పిడిని మార్చడం అక్కడి నియమం. వేలూరు మతసేవలో మిగిలిన వాటన్నిటికంటే విలువైనది ఈ నియమమే.

వేలూరు సమీపంలోని కరిగిరిలో 1955లో వెలసిన షీఫెలిన్ కుష్ఠు పరిశోధన కేంద్రం, తరువాతి దశాబ్దంలో గుడియాత్తం తాలూకాను తన క్షేత్రంగా తీసుకుని ఇంటింటి సర్వేలు జరిపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980ల ఆరంభంలో సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స, అంటే రెండు మూడు మందులను కలిపి ఇచ్చే విధానం, రోగక్రిమిని చంపగలిగింది గాని పోయిన వేళ్లను, అరిగిన వేలికొసలను తిరిగి తేలేకపోయింది.

1966లో అమెరికాలో కుష్ఠు ఆసుపత్రి ఉన్న కార్‌విల్‌కు వెళ్లిన బ్రాండ్, నొప్పికి బదులుగా హెచ్చరించే ఎలక్ట్రానిక్ సెన్సర్లను ఇంజినీర్లతో తయారుచేయించి రోగుల చేతి తొడుగుల్లో అమర్చాడు. హెచ్చరిక పనికి అడ్డం వచ్చినప్పుడల్లా రోగులు దాన్ని ఆపేయడంతో ఆ ప్రయత్నాన్ని విరమించుకోవలసి వచ్చింది. నొప్పి దేవుడిచ్చిన వరమనే అతని నమ్మకానికి ఈ వైఫల్యం మరింత బలమిచ్చింది.

డిజిటల్ గుర్తింపు ఈ చరిత్రలోకి వేరే దారిన ప్రవేశించింది. 1977లో భవిష్యనిధి చట్టం బీడీ పరిశ్రమకు వర్తించడంతో ఇంట్లో బీడీలు చుట్టే స్త్రీలకూ వృద్ధాప్యానికి పొదుపు, 1995 నాటి పింఛను పథకంతో పింఛను ఆశ కూడా ఏర్పడ్డాయి. పింఛనుదారు బతికే ఉన్నట్టు ఏటా ఇవ్వవలసిన ధ్రువపత్రానికి 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ పేరిట వేలిముద్ర లేదా కనుపాప ఆధారమైన పద్ధతి వచ్చింది. బ్యాంకు వరుసను తగ్గించిన మేలు దానికి ఉంది. కానీ ఏళ్ల తరబడి పనిచేసి గీతలు అరిగిన వేళ్లను, కుష్ఠు మిగిల్చిన మొండి వేళ్లను యంత్రం గుర్తించనప్పుడు, ఆ లోపాన్ని యంత్రానిదిగా కాక మనిషిదిగా లెక్కించే అలవాటు కార్యాలయాల్లో పెరిగింది. రోగి చేతికి తగినట్టు ఉలి పిడిని మార్చిన ప్రాంతంలో ఇది బాధాకరమైన వెనకడుగు.

వేళ్లు లేనివారికి మినహాయింపు నమోదును 2016 నాటి ఆధార్ నిబంధనలే అనుమతించాయి. కొంతకాలానికి ముఖాన్ని గుర్తించే పద్ధతి కూడా వచ్చింది, కానీ కన్ను ఆర్పమని అడిగే పరీక్ష ముఖం కాలినవారిని నిలిపివేసింది. యాసిడ్ దాడి బాధితులు వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని ప్రకటించి, గుర్తింపు పరీక్షలకు ప్రత్యామ్నాయాలు చూపాలని ఆదేశించింది. ఆ ఆదేశం అమలు భారం ఇప్పుడు యంత్రం ఎదుట కూర్చునే ప్రతి గుమస్తా మీద, అతనికి మినహాయింపు దారి నేర్పవలసిన శాఖల మీద ఉంది.