ఉన్ని సంతకు నాలుగు శతాబ్దాలు

స్కాట్లండ్‌కు ఉత్తరాన, నార్వేకూ దానికీ నడుమ, సుమారు వంద దీవుల సముదాయంగా ఉన్న షెట్లాండ్‌లో ఏటా సెప్టెంబరు చివర ‘షెట్లాండ్ ఊల్ వీక్’ అనే ఉన్ని ఉత్సవం మొదలవుతుంది. 2010లో ఆరంభమైన ఈ వారోత్సవానికి అల్లికపై మక్కువ ఉన్నవారు ఖండాలు దాటి వస్తారు. ముఖ్య పట్టణమైన లెర్విక్‌లోనూ చుట్టుపక్కల పల్లెల హాళ్లలోనూ దారపు చిలపలు, ఉండలు, అల్లిన టోపీలు, చేతి తొడుగులు పరచిన స్టాళ్లు వెలుస్తాయి. చూసేవారికి ఇది సెలవుల సరదాగానే తోచవచ్చు. అయితే ఈ దీవుల్లో ఉన్ని సరుకు అమ్ముడయ్యే చోటు నాలుగు శతాబ్దాలలో సముద్రపు ఒడ్డు నుంచి వర్తకుని దుకాణానికి, అక్కడి నుంచి ఈ స్టాళ్లకు మారుతూ వచ్చింది. అది మారినప్పుడల్లా ధర చెప్పే హక్కు కూడా చేతులు మారింది.

మొదటి సంత ఒడ్డునే జరిగింది. 17వ శతాబ్దంలో హెర్రింగ్ చేపల వేటకు వచ్చే డచ్చి నావలు, వేట మొదలుపెట్టడానికి గడువైన జూన్ 24 వరకు, లెర్విక్ ఎదుటి బ్రెస్సే జలసంధిలో పెద్ద సంఖ్యలో లంగరు వేసుకొని ఉండేవి. దీవుల స్త్రీలు చలికాలమంతా అల్లిన మేజోళ్లు, చేతి తొడుగులు తీసుకొని కాలినడకన అక్కడికి చేరేవారు. ఏటా కొద్ది వారాలపాటు సాగే ఈ బేరాల చుట్టూ తాత్కాలిక పాకలు లేచాయి, వాటితోపాటు తాగుడు, దొంగతనం, కొట్లాటలు కూడా పెరిగాయి. ఆ పాకలను కూల్చివేయాలని 1625లో నాటి పాలనా కేంద్రమైన స్కాలొవేలోని న్యాయస్థానం ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది. ఉత్తర్వు అమలు ఎలా ఉన్నా, పాకల స్థానంలో తరువాత లెర్విక్ అనే ఊరే నిలిచింది. అంటే ఆ పట్టణం పుట్టుకలో చేపలకు ఎంత పాత్ర ఉందో మేజోళ్లకూ దాదాపు అంత పాత్ర ఉంది.

ఆ బేరాల్లో నాణెం చేతికి వచ్చేదనడానికి ఒక అపురూపమైన సూచన 1951లో దొరికింది. గన్నిస్టర్ అనే చోట పీట్ తవ్వుతుండగా, అంటే కుళ్లిన మొక్కలు పొరలు పొరలుగా గట్టిపడి ఏర్పడి, ఎండబెడితే వంటచెరకుగా పనికివచ్చే నేలను కోస్తుండగా, ఒక మనిషి దుస్తులు బయటపడ్డాయి. దేహం దాదాపు కరిగిపోయినా, పీట్ గుణం వల్ల ఉన్ని దుస్తులు చెక్కుచెదరలేదు: టోపీ, చేతి తొడుగులు, మేజోళ్లు, బూడిదరంగు ఉన్నిలో ఎరుపు, తెలుపు నమూనా దించి అల్లిన చిన్న సంచి. ఆ సంచిలో మూడు చిన్న నాణేలు ఉన్నాయి. రెండు డచ్చివి, ఒకటి స్వీడన్‌ది, వాటిలో అన్నిటికన్నా తరువాతిది 1690 నాటిది. షెట్లాండ్‌లో దొరికిన రంగుల నమూనా అల్లికలో అదే అతి పాతది.

ఈ సరుకుకు గిరాకీ రావడానికి మూలం అక్కడి గొర్రె. గాలివానలకు తట్టుకొని, పలచని గడ్డి మేసి బతికే ఆ పొట్టి జాతికి ఉన్ని మెత్తగా, సన్నగా ఉంటుంది. వేసవి తొలినాళ్లలో పాత బొచ్చు తనంతట తాను వదులవుతుంది గనుక, కత్తెర వేయకుండా చేత్తోనే లాగి తీసేవారు. మెడ దగ్గరి ఉన్నిని అన్నిటికన్నా సన్నని దారానికి ప్రత్యేకించేవారు. రంగులు కూడా చాలావరకు గొర్రె ఇచ్చినవే: ఎర్రగోధుమ ఛాయను ‘మూరిట్’ అని, ముదురు బూడిద ఛాయను ‘షేలా’ అని పిలుస్తారు. అల్లేవారు నడుముకు ఒక తోలుపట్టీ కట్టుకొనేవారు. గుర్రపు వెంట్రుకలు కూరి, పైన రంధ్రాలు పొడిచిన దాని మెత్తలో ఒక సూది మొన గుచ్చితే అది కదలకుండా నిలుస్తుంది, చెయ్యి వేగం పెరుగుతుంది. వీపున పీట్ గంప మోస్తూ, దారిన నడుస్తూ, చేతులతో అల్లుతూ పోయే స్త్రీల ఫొటోలు 19వ శతాబ్ది చివరి నుంచి చాలా ఉన్నాయి. వాటిని పోస్టుకార్డులుగా అచ్చువేసి అమ్మినవారికి అందులో అందం కనిపించింది గానీ, నడిచే సమయం కూడా వృథా పోకూడదన్న పేదరికం కనిపించినట్లు లేదు.

డచ్చి వర్తకం క్షీణించాక అల్లిక లెర్విక్ దుకాణదారుల చేతిలోకి పోయింది, ‘ట్రక్’ పద్ధతి స్థిరపడింది. పనికి నగదు కాక సరుకే ఇవ్వడం దీని సారాంశం. శాలువా తెచ్చిన స్త్రీకి వర్తకుడు తేయాకో, నూలుబట్టో ఇచ్చేవాడు. వాటికి ధరా ఆయనే కట్టేవాడు, శాలువాకు ధరా ఆయనే కట్టేవాడు. తేయాకుతో కడుపు నిండదు కాబట్టి, దాన్ని పల్లెల్లో ఇచ్చి బంగాళాదుంపలో పిండో తెచ్చుకొనేవారు. 1872లో ప్రభుత్వం నియమించిన విచారణలో ఈ స్త్రీలు ఒకరి తరువాత ఒకరు వచ్చి సాక్ష్యం చెప్పారు. అందులో బయటపడిన విడ్డూరం ఒకటి: అల్లికకు నగదు ఇవ్వని దుకాణాల్లో అల్లిక దారం కావాలంటే మాత్రం నగదే పెట్టాలి. సొంత గొర్రెలు లేని స్త్రీ ఈ చట్రం నుంచి బయటపడే దారి లేదు. షావుకారు దగ్గర నూలు తెచ్చుకొని అతనికే బట్ట అప్పజెప్పే నేతకారుల కుటుంబాలను ఎరిగిన తెలుగువారికి ఈ లెక్క విడమరచి చెప్పనక్కర లేదు. చట్టాలు వచ్చినా ఈ పద్ధతి వెంటనే పోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో దీవులకు వచ్చిన సైనికులు నగదు పెట్టి కొనడంతో గానీ దాని నడుం విరగలేదు.

ట్రక్ పద్ధతి సాగిన 19వ శతాబ్దంలోనే ఇదే సరుకు రాజభవనాలకు చేరడం చరిత్రలోని వైపరీత్యం. షెట్లాండ్‌లో పుట్టి, పీ అండ్ ఓ నౌకా సంస్థ స్థాపకుల్లో ఒకడైన ఆర్థర్ ఆండర్సన్ 1837 ప్రాంతంలో విక్టోరియా రాణికి ఇక్కడి మేజోళ్లు బహూకరించి ప్రచారం చేశాడు. అన్‌స్ట్ అనే ఉత్తరపు దీవిలో జల్లెడలా కన్నులు వదిలి అల్లే లేసు శాలువాలు తయారయ్యాయి. అగ్గిపెట్టెలో పట్టే చీరను మనవారు చెప్పుకున్నట్లు, పెళ్లి ఉంగరంలోంచి దూరిపోయే శాలువా అని వాటిని చెప్పుకొనేవారు. 1851 నాటి లండన్ మహాప్రదర్శనలో అవి గాజు వెనుక నిలిచాయి, అల్లినవారు తేయాకుకే అల్లుతూ ఉన్నారు. ఇదే శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి గోదావరి డెల్టాకు వచ్చిన మిషనరీలు నర్సాపురం ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. అక్కడా ఇంట్లో కూర్చొని కుట్టే చేతికి, ఎగుమతిదారుకు మధ్య దళారుల వరుస ఏర్పడిన తీరును మరియా మీస్ 1982లో వెలువరించిన అధ్యయనంలో సవివరంగా చూపారు. రెండు అల్లికల పద్ధతి వేరు, దారం వేరు. ‘ఖాళీ వేళల్లో చేసే పని’ అని పేరుపెట్టి కూలి తగ్గించడం మాత్రం ఒకటే.

మళ్లీ షెట్లాండ్‌కు వస్తే, 1920లలో వేల్స్ యువరాజు ‘ఫెయిర్ ఐల్’ అనే రంగుల నమూనా స్వెటరు వేసుకోవడంతో రంగుల అల్లికకు ఫ్యాషన్ గిరాకీ వచ్చింది, తరువాత చేతియంత్రాలు వచ్చాయి. 1970లలో ఉత్తర సముద్రపు చమురు మెరుగైన జీతాలు తెచ్చేసరికి చాలామంది సూదులు పక్కనపెట్టారు.

ఇప్పటి ఉత్సవంలో ధర చీటీ రాసేది చాలా స్టాళ్లలో తయారుచేసినవారే, డబ్బు తీసుకొనేదీ వారే. అయితే కొనేవారు ప్రధానంగా కొనేది అల్లిన వస్త్రాన్ని కాదు, దారాన్ని, నమూనాను, ఒక పూట పాఠాన్ని. ఏటా ఒక టోపీ నమూనాను విడుదల చేస్తారు. వచ్చేవారు దాన్ని ముందే అల్లుకొని తలకు పెట్టుకొని దిగుతారు. నెలల తరబడి సాగే చేతిపనికి గంటల లెక్కన కూలి కడితే లేసు శాలువా ధర సామాన్యులకు అందదు కాబట్టి, ఆ శ్రమను కొనుగోలుదారే కాలక్షేపంగా తనమీద వేసుకోవడం ఈ వర్తకం కనుగొన్న ఉపాయం. చేత్తో వడికిన దారంతో చేసిన పాత శాలువాలను చూడదలచినవారు స్టాళ్లు దాటి, రెండు ఫెర్రీలు మారి, అన్‌స్ట్‌లోని హెరిటేజ్ కేంద్రానికి వెళ్తారు.