ఒకే గ్రంథం, ఒకే వాడ

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం మాదిగవాడలో యూదుల ప్రార్థన మందిరం ఉండాదంటే మా చిత్తూరోళ్లు నమ్మరు. 1980ల చివర్లో అక్కడి కొన్ని క్రైస్తవ మాదిగ కుటుంబాలు తాము ఇశ్రాయేలులో చెదిరిపోయిన ఎఫ్రాయిము గోత్రంవాళ్లమని చాటుకున్నాయి. బెనే ఎఫ్రాయిమ్ అని పేరు పెట్టుకున్నాయి. దారి చూపిన షమూయేల్ యాకోబి ఒకప్పుడు క్రైస్తవ బోధకుడే.

దీని వేరు పాతది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలే. బడి గడప తొక్కే వీల్లేని మనోళ్ల చేతికి మిషనరీలు బైబిలిచ్చినారు. ఐగుప్తు వెట్టి కథ మన కథే అనిపించింది. క్రైస్తవులు ఆ కథలోంచి క్రీస్తు దగ్గరికి పోయినారు. వీళ్లు మోషే దగ్గర నిలబడి శనివారం సబ్బాతు పట్టినారు. మెస్సీయ వచ్చినాడా, ఇంకా రావాల్నా? ఐరోపాలో ఈ వాదానికి నెత్తురు పారింది. ఇక్కడ వాదించుకునేది ఒకే కులంవాళ్లు.

గొడ్డుమాంసం తింటారని ఊరు మనల్ని వెలివేసింది. అదే మా యూదుతనానికి గుర్తని వీళ్లు తిప్పి చెప్పినారు. వంశం సంగతి పండితులు తేల్చుకోనీ. వెలిగుర్తును వంశపు గుర్తుగా మార్చుకున్న తెగువ మాత్రం మనది.

అయితే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులనే ఎస్సీలుగా ఎంచింది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరినారు. క్రైస్తవుడూ యూదుడూ నేటికీ బయటే. నేను సర్కారు బడి పంతుల్ని. అడ్మిషన్ రిజిస్టరులో మతం గడి దగ్గరికొచ్చేసరికి మా వాడ తల్లులు నా మొగం చూస్తారు. "క్రైస్తవులమని రాస్తే స్కాలర్‌షిప్పు పోతాదా సారూ?" అంటారు.

ఏ ప్రార్థన సరైందో వాడలో వాదించుకుందాం. ఆ గడి ముందు మాత్రం యూద మాదిగా, క్రైస్తవ మాదిగా ఒకటే. ముందు కలిసి మాట్లాడాల్సింది అక్కడ.