తంగేడు చెక్క – తోలు జోడు

మనలో చాలామందికి మొదటి బూట్లు ఉద్యోగంతోపాటే వచ్చాయి. అంతవరకు చెప్పులే, అవీ ఉన్నవాళ్ళకు. నేను 1973లో ఉద్యోగంలో చేరినప్పుడు మొదటి జీతంలో ఇంటికి పంపగా మిగిలిన డబ్బుతో ఒక జత నల్లని తోలు బూట్లు కొన్నాను. ఆ ఏడు వానాకాలంలో అవి నిలువునా తడిశాయి. తొందరగా ఆరతాయని ఎండలో పెట్టాను. సాయంత్రానికి చెక్కలాగా బిగుసుకుపోయి, వేళ్ళ మడత దగ్గర పగుళ్ళిచ్చాయి. మా ఆఫీసు గేటు పక్కన చింతచెట్టు కింద చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన వాటిని అటూ ఇటూ వంచి చూసి, "తోలంటే చర్మమే గదా సారూ, ఎండకు మాడదా మరి?" అన్నాడు.

తోలు గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. పదవీ విరమణ తరువాత తీరిక చిక్కి, తోలు చరిత్ర కొంత చదివాను. చదివినకొద్దీ ఆ పెద్దాయనే గుర్తుకు వచ్చాడు. అందుకే ఈ ప్రత్యేక సంచికలో ఆ సంగతులు మిత్రులతో పంచుకుంటున్నాను.

పచ్చితోలు అలాగే వదిలేస్తే కుళ్ళిపోతుంది. కుళ్ళకుండా, బిగుసుకుపోకుండా దాన్ని నిలిపే పనినే పదును చేయడం అంటారు. మన పల్లెల్లో తరతరాలుగా ఈ పని జరిగింది తంగేడు చెక్కతో. బతుకమ్మలో పేర్చుకునే పువ్వు, నేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం అయిన తంగేడు బెరడులో టానిన్ అనే వగరు పదార్థం దండిగా ఉంటుంది. తోలును సున్నపు నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, కండ తీసి, లందలో తంగేడు చెక్క నీళ్ళలో వారాల తరబడి ఊరవేసేవారు. తరువాత కరక్కాయ నీళ్ళు పట్టించి, నూనె రుద్దేవారు. ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు తీయాలో చెప్పే పుస్తకం ఏదీ లేదు. చేతికి తెలియాలి, ముక్కుకు తెలియాలి. ఒక విధంగా అది రసాయన శాస్త్రమే. కాని ఆ శాస్త్రం తెలిసిన మాదిగవారిని మనం ఊరి బయట ఉంచాము. రైతుకు చెప్పులూ, బావిలోంచి నీరు తోడే మోట బొక్కెనా వారి చేతి పనే. ప్రతిఫలం కళ్ళంలో ఇచ్చే కాసిని గింజలు. నైజాం ఇలాకాలో దొరలకు వెట్టిగా చెప్పులు కుట్టి ఇవ్వవలసి వచ్చేది. ఆ చెప్పులు కుట్టినవాడే దొర గడీ ముందు నుంచి పోయేటప్పుడు తన కాళ్ళ చెప్పులు చేత పట్టుకోవాలి.

ఈ తంగేడు తోలే ఓడలెక్కి లండన్ చేరింది. 19వ శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి వెళ్ళిన పదును తోళ్ళకు అక్కడి వర్తకులు 'ఈస్ట్ ఇండియా కిప్స్' అని పేరు పెట్టుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-18) బ్రిటిష్ సైనికుల బూట్ల పైతోలుకు దాన్నే విరివిగా వాడారు. లందలో చేతులు నానినవారి పేరు మాత్రం ఏ బూటు మీదా లేదు.

ఇంతలో రెండు మార్పులు వచ్చాయి. 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్జ్ అనే ఆయన క్రోమియం లవణాలతో తోలు పదును చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. వారాల పని రోజుల్లోకి వచ్చింది. మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ ఆ పద్ధతిని 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో ప్రవేశపెట్టాడు. నేటి బూట్లలో పైతోలు ఎక్కువగా క్రోము తోలే. మెత్తగా ఉంటుంది, నీటికి కొంత ఓర్చుకుంటుంది. రెండవది కుట్టు యంత్రం. పైతోలుకూ అడుగుకూ మధ్య సన్నని పట్టీ పెట్టి కుట్టే పద్ధతిని వెల్ట్ అంటారు. ఇది చేతిపనిగా ఎప్పటినుంచో ఉన్నదే. 1870ల నాటికి గుడ్‌ఇయర్ వెల్ట్ యంత్రం దాన్ని ఫ్యాక్టరీలోకి తెచ్చింది. మన దేశంలో 1930లలో కలకత్తా దగ్గర బాటానగర్ వెలిశాక ఫ్యాక్టరీ బూటు మధ్యతరగతి గుమ్మంలోకి వచ్చింది.

తోలును మన దేశంలో ప్రయోగశాలకు ఎక్కించిన ఘనత చాలావరకు ఒక తెలుగువారిది. తెనాలి ప్రాంతపు యలవర్రులో 1922లో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు, నలుగురూ ముక్కు మూసుకునే తోలు విద్యను ఏరి చదువుకున్నారు. మద్రాసు అడయారులో 1948లో ఏర్పడిన కేంద్ర చర్మ పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 వరకు డైరెక్టరుగా ఉన్నారు. పచ్చితోలు అమ్ముకునే దేశం బూటు అమ్మే దేశం కావాలన్న ప్రయత్నంలో ఆ సంస్థ పాత్ర పెద్దది. 1985 జూన్ 23న కనిష్క విమాన పేలుడులో ఆయనను పోగొట్టుకున్నాము.

ఇక కొనేటప్పటి సంగతి. పై చరిత్ర తెలిస్తే సగం పరీక్ష అయినట్టే. తోలును అడ్డంగా పొరలుగా చీలుస్తారు. పైపొరలో నారలు దట్టంగా ఉంటాయి, అదే గట్టిది. కింది పొర మీద రంగుపూత వేసి అమ్మినా అది తోలే. కాబట్టి అసలు తోలు అన్న ముద్ర ఒక్కదాన్నే నమ్మరాదు. వేలితో నొక్కితే సన్నని ముడతలు పడి, వేలు తీయగానే పోవాలి. కోసిన అంచు కనబడితే నారలు కనిపించాలి. అడుగు కుట్టినదా, జిగురుతో అంటించినదా అని అడగండి. కుట్టినదైతే అరిగాక మార్పించుకోవచ్చు. పాదాలు పొద్దుగూకేసరికి కాస్త ఉబ్బుతాయి గనుక సాయంత్రం పూటే కొనాలి, నిలబడి చూసుకోవాలి. తొడుక్కుంటే అదే సాగుతుందిలే అన్న అంగడివాడి మాట మన వయసు పాదాలకు పనికిరాదు.

కాపాడుకోవడం ఇంకా సులువు. ఒకే జత రోజూ వేయకండి, చెమట ఆరడానికి ఒక రోజు విరామం ఇవ్వండి. తడిస్తే లోపల పాత వార్తాపత్రిక కుక్కి, నీడలో, గాలి తగిలేచోట ఆరబెట్టండి. ముందు దుమ్ము దులిపి, తరువాత పాలిష్ కొద్దిగా పట్టించి, పది నిమిషాలాగి బ్రష్ చేయండి. దుమ్ము మీదే పాలిష్ రుద్దితే అది తోలును గీకుతుంది. వానాకాలంలో ప్లాస్టిక్ సంచిలో బిగించి దాచితే బూజు పడుతుంది, గుడ్డసంచి మేలు.

మధుమేహం ఉన్న మిత్రులకు ఒక మాట. పాదాలకు స్పర్శ తగ్గినవారు తొడుక్కునే ముందు లోపల చేయి పెట్టి చూసుకోవాలి. ఒక చిన్న రాయి పుండు చేస్తుంది, పుండు వేలు తీస్తుంది. మన చెప్పుల అంగళ్ళలో దొరికే ఎం.సి.ఆర్. చెప్పులకూ ఒక చరిత్ర ఉంది. 1950లలో వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన సహచరులు కుష్ఠు రోగుల స్పర్శలేని పాదాలను కాపాడటానికి మైక్రోసెల్యులర్ రబ్బరు అట్ట వాడారు. నేడు అదే మధుమేహులకూ అక్కరకు వస్తున్నది.

1973 నాటి ఆ బూట్లకు పెద్దాయన నూనె పట్టించి, పగుళ్ళు నొక్కి, మూడుసార్లు అడుగులు మార్చి పదకొండేళ్ళు నడిపించాడు. మా నాన్నకంటే పెద్దవాడు. నేను "ఏమోయ్" అనేవాణ్ణి, ఆయన "సారూ" అనేవాడు. నిలబడి బూటు విప్పి ముందుకు తోసేవాణ్ణి. ఆయన ఆరె, రంపె, గూటం సర్దుకుని వంగి అందుకునేవాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు చింతచెట్టు కొట్టేశారు. ఆ తరువాత ఆయన కనిపించలేదు. పదకొండేళ్ళలో నేను ఆయన పేరు ఒక్కసారి కూడా అడగలేదు.

ఇప్పుడు మా వీధి మలుపులో చెప్పులు కుట్టే అతను నా కొడుకు ఈడువాడు. అతన్ని "మీరు" అంటాను. మొదట్లో ఇబ్బందిపడ్డాడు, ఇప్పుడు అలవాటయింది. పేరు కూడా తెలుసుకున్నాను. ఇది గొప్పగా చెప్పుకునేది కాదు, ఆలస్యంగా తీర్చుకుంటున్న బాకీ. మంచి జోడు కొనండి, బాగు చేయించుకోండి. చేసినవారి పేరు అడగడం మరచిపోకండి. సెలవు.