శరత్కాలపు పచ్చిక - వానపాము, ఇప్పచెక్క

చార్లెస్ డార్విన్ కడపటి గ్రంథం వానపాములను గురించినది. 1881 అక్టోబరులో అది వెలువడింది. మరుసటి ఏప్రిలులో ఆయన కాలధర్మం చెందాడు. జీవజాతుల పుట్టుకను గురించి లోకాన్నంతటినీ కదిలించిన శాస్త్రజ్ఞుడు చివరి రోజులలో కుండీలలో వానపాములను పెట్టుకొని, రాత్రిపూట దీపం పట్టుకొని వాటిని చూస్తూ కూర్చున్నాడంటే మనకు వింతగా ఉంటుంది. కాని ఆ విషయం ఆయనకు కొత్తది కాదు. 1837లోనే దానిమీద లండను భూగర్భశాస్త్ర సంఘంలో ఒక వ్యాసం చదివాడు. అంటే నలభైనాలుగు సంవత్సరాలపాటు ఆ ప్రశ్న ఆయన మనస్సులో మెదులుతూనే ఉన్నదన్నమాట.

వానపాములకు వినికిడి ఉన్నదా అని పరీక్షించడానికి ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ వాటి ఎదుట బస్సూన్ అనే ఊదుడు వాద్యం వాయించాడు. అవి చలించలేదు. పియానో వాయించినా చలించలేదు. కాని ఆ కుండీలనే పియానో మీద పెట్టి ఒక్క స్వరం మీటగానే చప్పున కలుగులలోకి దూరాయి. శబ్దం వినలేవు గాని అదురును గ్రహించగలవని తేలింది. (పాఠశాలలో ఈ ప్రయోగానికి పియానో అక్కరలేదు. కుండీని బల్లమీద పెట్టి బల్లను తట్టినా చాలు.) ఇంగ్లండులో అనేకచోట్ల ఎకరా నేలలో ఏటా పది టన్నులకు పైగా పొడిమట్టి వానపాముల శరీరాలగుండా వెళ్లి పైకి వస్తున్నదని డార్విన్ లెక్క కట్టాడు. నాగలి పుట్టకముందే నేలను దున్నినది వానపామేనని చెప్పాడు. ఈనాడు మన పాఠ్యపుస్తకాలలో కనిపించే ‘రైతు నేస్తం’ అన్న మాటకు వెనుక ఉన్న బలం ఈ గ్రంథమే.

ఫ్రాన్సిస్ భార్య 1876లో ప్రసవానంతరం మరణించగా, ఆ బిడ్డ తాతగారి ఇంట్లోనే పెరిగాడు. ఆ బిడ్డ పేరు బెర్నార్డ్ డార్విన్. పుస్తకం వెలువడేనాటికి అతనికి అయిదేండ్లు. పెద్దయిన తరువాత అతడు లండను ‘టైమ్స్’ పత్రికకు 1907 నుండి 1953 వరకు గోల్ఫు ఆటను గురించి వ్రాసి, ఆ ఆటకు రచయితలలో మేటి అనిపించుకున్నాడు. తాతగారు మెచ్చుకొన్న ప్రాణిని పరమశత్రువుగా చూసే రంగంలో మనుమడు జీవితమంతా గడిపాడు. ఆ శత్రుత్వం ఎలా వచ్చిందో, దానిలో మన అడవి చెట్టు ఒకటి ఎలా చేరిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గోల్ఫు స్కాట్లండు సముద్రతీరంలో పెరిగిన ఆట. అక్కడి ఇసుకమేటలను లింక్స్ అంటారు. పలచని ఇసుకనేల, వాన కురిసిన కొద్దిసేపటికే ఆరిపోతుంది. దానిమీద ఫెస్క్యూ, బెంట్ అనే సన్నని గడ్డిజాతులు తమంతట తామే మొలుస్తాయి. గొర్రెలు, కుందేళ్లు వాటిని పొట్టిగా మేస్తాయి. ఇసుక మొనలు వానపాము మెత్తని చర్మానికి గిట్టవు. పైగా అక్కడ వాటికి తిండీ తేమా తక్కువ. కనుక లింక్స్ మీద వాటి బెడద పెద్దగా లేదు. 1865 నుండి సెయింట్ ఆండ్రూస్ మైదానాన్ని చూసిన టామ్ మోరిస్ పచ్చికమీద ఇసుక చల్లించి చదును చేయించడం ఒక పద్ధతిగా నెలకొల్పాడు. శాస్త్రం చదవని ఆ పెద్దమనిషి చేసిన పని ఎంత సరియైనదో తరువాతి తరాలకు తెలిసింది.

1890 ప్రాంతం నుండి ఆట లోతట్టు ప్రాంతాలకు, ముఖ్యంగా లండను చుట్టుపట్లకు పాకింది. అక్కడివి చాలావరకు బరువైన నేలలు, పాత పచ్చికబీళ్లు, రాజుల వేటవనాలు. వానపాములకు అవి స్వర్గం.

గోల్ఫులో బంతి పడవలసిన గుంట చుట్టూ ఉండే పచ్చికను ‘గ్రీన్’ అంటారు. దానిమీద బంతి తివాచీ మీద దొర్లినట్లు దొర్లాలి. వేసవిలో ఆ గడ్డిని నాలుగైదు మిల్లీమీటర్లకు మించకుండా కోస్తారు. అటువంటి చోట వానపాము తెచ్చిపోసిన ఒక్క మట్టికుప్ప చాలు, బంతి దారి తప్పుతుంది. కాలికిందో కోతయంత్రం కిందో పడి ఆ కుప్ప నలిగితే జిగట బురద ముద్దగా అంటుకొని కింది గడ్డిని ఊపిరాడనీయదు. ఆ నున్నని మట్టిలో నాచూ, కలుపు విత్తనాలూ మొలుస్తాయి. బ్రిటనులో ఉన్న ముప్పై వరకు వానపాము జాతులలో ఇలా పైకి మట్టిపోసేవి రెండు మూడు మాత్రమే. మిగిలినవి లోపలే ఉండి తమ పని తాము చేసుకుంటాయి. అయినా ఎవరి పాపమో ఎవరికో చుట్టుకున్నట్లు శిక్ష మాత్రం అన్నింటికీ పడింది.

ఇది బాగా బయటపడేది శరదృతువు ఆరంభంలో, అనగా సెప్టెంబరు, అక్టోబరు నెలలలో. వేసవిలో నేల ఎండినప్పుడు వానపాములు లోతుకు పోయి ఉంటాయి. శరత్తులో తొలివానలు పడేసరికి నేలలో వేసవి వెచ్చదనం ఇంకా పోదు. తేమ మాత్రం వస్తుంది. ఆ రెండూ కలిసిన కొద్ది వారాలూ వాటికి పండుగ. మన వానపాములు తొలకరికి పైకి వచ్చినట్లే అవి శరత్తులో వస్తాయి. చిక్కేమిటంటే గడ్డికి కూడా అదే మంచి అదను. ఆ శీతలదేశపు గడ్డిజాతులు మండువేసవిలో మందగించి, గాలి చల్లబడి నేల వెచ్చగా ఉన్న ఈ సమయంలో కొత్త వేళ్లూ పిలకలూ వేస్తాయి. చల్లిన విత్తనం ఒకటి రెండు వారాలలో మొలుస్తుంది. నవంబరు వచ్చిందంటే ఎదుగుదల ఆగిపోతుంది. అప్పటికి ఉన్న గాయం వసంతం దాకా మానదు. కాబట్టి ఆ ఏడాది పచ్చిక బాగోగులు ఈ కొద్ది వారాలలోనే తేలిపోతాయి.

ఇరవయ్యవ శతాబ్దారంభంలో ఇంగ్లండు విత్తనాల కంపెనీలు ఇందుకు ఒక మందు అమ్మసాగాయి. దాని పేరు ‘మౌరా మీల్’. పేరు విని అదేదో రసాయనమనుకోవద్దు. మౌరా అంటే ఉత్తరాదివారి మహువా, మన ఇప్ప! ఆదిలాబాదు అడవులలోనూ, గోదావరి మన్యంలోనూ గోండులకు, కోయలకు అన్నం పెట్టే చెట్టు. వేసవిలో ఇప్పపువ్వు రాలుతుంది. ఆ తరువాత కాయలు పండుతాయి. గింజల నుండి నూనె తీస్తారు. 1914కు ముందు మన దేశపు ఇప్పగింజలు ఓడలమీద జర్మనీ, బెల్జియం వంటి దేశాలకు పోయేవి. అక్కడి మిల్లులవారు వాటి నూనెను సబ్బులకూ కొవ్వొత్తులకూ వాడేవారు. మిగిలిన చెక్క పశువులకు పెట్టడానికి పనికిరాదు. వేరుశనగ చెక్క వలె దాణాకు పోకుండా అది తక్కువ ధరకు దొరికేది. గోల్ఫు మైదానాలవారికి అదే అక్కరకు వచ్చింది.

పశువులకు పనికిరానిదీ, వానపాములను పైకి లాగేదీ ఒకే పదార్థం. దానిని సాపోనిన్ అంటారు. మన కుంకుడుకాయలో నురుగు వచ్చేది కూడా ఈ జాతి పదార్థం వల్లనే. వానపాముకు ఊపిరితిత్తులు లేవు. అది తడిచర్మంతోనే ఊపిరి పీలుస్తుంది. సాపోనిన్ కలిసిన నీరు ఆ చర్మాన్ని మంట పుట్టిస్తుంది. చేప మొప్పలకూ ఇదే గతి. అడవులలో చేపలను మత్తెక్కించి పట్టడానికి ఇప్పచెక్క వాడటం పూర్వం నుండి ఉన్నదే. ఇప్పటికీ చేపల చెరువులలో పిల్లలను వదిలేముందు, పాత చేపలను తొలగించడానికి హెక్టారుకు 2500 కిలోల చొప్పున ఇప్పచెక్క వేయాలని సిఫారసు ఉన్నది. రెండు మూడు వారాలలో దాని విషం విరిగి, మిగిలినది చెరువుకు ఎరువవుతుంది.

ఇంగ్లండులో దీనిని వాడే విధానం ఇది. వాన పడి, గాలి కాస్త వెచ్చగా ఉన్న శరత్కాలపు రోజు చూసుకొని, పచ్చికమీద పొడిని చల్లేవారు. వెంటనే గొట్టాలతో సమృద్ధిగా నీరు పట్టేవారు. కొద్ది నిమిషాలలో వానపాములు మెలికలు తిరుగుతూ వందలకొద్దీ పైకి వచ్చేవి. చీపుళ్లతో ఊడ్చి, బుట్టలకెత్తి పారవేసేవారు. అవి లోతులో ఉన్నప్పుడు మందు అందదు. అందువల్లనే అదను అంత ముఖ్యం. నీరు పక్కనున్న కుంటలోకి పోతే చేపలు చచ్చేవి. మందు ప్రభావం నేలలో నిలవదు గనుక కొంతకాలానికి మళ్లీ చల్లవలసి వచ్చేది. ఆనాటి పచ్చిక పాలకులు దీనిని లోపంగా లెక్కించారు. తరువాత జరిగిన దానితో పోల్చితే అదే దాని గుణమని నాకు అనిపిస్తుంది.

ఎందుకంటే తరువాత వచ్చినవి నిలిచి ఉండే మందులు. మొదటిది లెడ్ ఆర్సెనేట్, సీసమూ పాషాణమూ కలిసినది. అమెరికాలో 1920ల నుండి పచ్చిక వేళ్లను కొరికే జపాను పెంకుపురుగు పిల్లలమీద దీనిని ప్రయోగించారు. వానపాములూ మాయమైనట్లు కనిపించింది. ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి పనిచేసేది. సీసంగాని పాషాణంగాని కుళ్లి నశించే వస్తువులు కావు. వేసినది వేసినచోటనే ఉంటుంది. అమెరికా దీని వాడకాన్ని 1988లో పూర్తిగా నిషేధించింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత క్లోర్‌డేన్ వచ్చింది. ఇది డీడీటీకి దగ్గరి చుట్టం. బ్రిటనులో వానపాములమీద దాని వాడకం 1992తో ముగిసింది; 2001 స్టాక్‌హోమ్ ఒడంబడికలో ప్రపంచమంతటా తొలగించవలసిన పన్నెండు విషాల జాబితాలో అది చేరింది. ఆ తరువాత కార్బెండజిమ్. మన రైతులు తెగుళ్లకు వాడే మందే అది. అక్కడి పచ్చికమీద దానికీ 2017లో అనుమతి పోయింది.

ఇంతకూ వానపాములు పోయినచోట గడ్డి ఏమయింది? దీనికి సమాధానం గోల్ఫుతో సంబంధం లేని చోట అప్పటికే సిద్ధంగా ఉన్నది. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో లాస్, గిల్బర్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1856లో ఒక పచ్చికబీడును మడులుగా విభజించి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క ఎరువు వేయడం మొదలుపెట్టారు. ఆ ప్రయోగం నేటికీ నడుస్తున్నది. అమ్మోనియం సల్ఫేటు ఏటా వేసి, సున్నం వేయని మడులలో నేల పులిసిపోయి ఆమ్లగుణం పెరిగింది. అక్కడ వానపాములు లేవు. కలుపు మొక్కలూ చాలావరకు పోయాయి. ఇది చూసి గోల్ఫువారు సంతోషించి అమ్మోనియం సల్ఫేటును, అన్నభేదిని తమ ఎరువులలో చేర్చుకున్నారు. కాని ఆ మడులలోనే మరొక సంగతి కూడా ఉన్నది. చచ్చిన గడ్డి కుళ్లకుండా నేలమీద చాపలాగా పేరుకుపోయింది. దానిని లోపలికి లాగి మట్టిలో కలిపే ప్రాణి లేదు గదా!

మైదానాలలోనూ అదే జరిగింది. కుళ్లని గడ్డి మెత్తలా పేరుకొని తడిని పట్టి ఉంచింది. శరత్తులో మంచు పడే రోజులలో ఆ తడిలో మైక్రోడోకియం అనే శిలీంధ్రం పెరిగి గడ్డిమీద గుండ్రని గోధుమరంగు మచ్చలు వేసింది. కలుగులు లేకపోయేసరికి ఆటగాళ్ల కాళ్లకింద నేల గట్టిపడింది. నీరు ఇంకలేదు, వేళ్లకు గాలి ఆడలేదు. గడ్డపారల వంటి పలుగులతో మనుషులు రంధ్రాలు పొడిచేవారు. 1946లో అమెరికాలో టామ్ మాస్కరో అనే ఆయన ‘ఏరిఫయర్’ అనే యంత్రం తెచ్చాడు. అది నేలనుండి వేలంత మట్టికడ్డీలను వరుసగా పెకలించి పైన పడవేస్తుంది. ఆ రంధ్రాలలో ఇసుక నింపుతారు. డార్విన్ గ్రంథం చదివినవారికి ఈ యంత్రం ఏ ప్రాణి పని చేస్తున్నదో వేరే చెప్పనక్కరలేదు. మట్టిని పైకి తెచ్చిపోయడం, గాలికి దారి చేయడం, రెండూ ఆ పనులే. యంత్రానికి మాత్రం పెట్రోలు కావాలి.

ఇంగ్లండులో ఈ శాస్త్రమంతటికీ ఒక ఇల్లు 1929లో ఏర్పడింది. యార్క్‌షైరులోని బింగ్లీ దగ్గర గోల్ఫు సంఘాలు ఒక పచ్చిక పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పాయి. 1951లో అది అన్ని ఆటల పచ్చికకు సంబంధించిన సంస్థగా మారింది.

ఈనాడు బ్రిటనులో వానపాములను చంపడానికి అనుమతి ఉన్న మందు లేదు. కనుక సెప్టెంబరు రాగానే పచ్చిక పాలకుని పనులు చాలావరకు టామ్ మోరిస్ కాలాన్ని తలపిస్తాయి. రంధ్రాలు తీస్తాడు, ఇసుక చల్లుతాడు, పలచబడినచోట బెంట్, ఫెస్క్యూ విత్తనం వేస్తాడు, కోత ఎత్తును కొంచెం పెంచుతాడు. నత్రజని తగ్గిస్తాడు, ఎందుకంటే చలిముందు లేతగా పెరిగిన గడ్డిని శిలీంధ్రం ఇట్టే పట్టుకుంటుంది. కోసిన గడ్డిని, రాలిన ఆకులను అక్కడ వదలడు. అవే వానపాముల ఆహారం. మంచి వాతావరణంలో ఆడుకుందామని వచ్చిన సభ్యులు రంధ్రాలు చూసి విసుక్కుంటారు. అక్టోబరుకు వాయిదా వేయమంటారు. వేస్తే ఆ రంధ్రాలు చలికాలమంతా పూడవు. ఈ తగవు ప్రతి సంవత్సరమూ ఉన్నదే.

ఇక వానపాములను లెక్కించవలసి వచ్చినప్పుడు శాస్త్రజ్ఞులు వాడేది ఆవపిండి కలిపిన నీరు. చదరపు చట్రం పెట్టి అందులో పోస్తారు; ఘాటుకు వానపాములు పైకి వస్తాయి. వాటిని మంచినీటిలో కడిగి, జాతులవారీగా లెక్కపెట్టి తిరిగి వదులుతారు. మన పాఠశాలల ఆవరణలలో కూడా తొలకరి రోజులలో ఈ పని చేయవచ్చు. మరొక వంక 2010లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయం వారు, టీ జాతి చెట్టు గింజలనుండి నూనె తీయగా మిగిలిన చెక్క వానపాములను పైకి రప్పించి మట్టికుప్పలను తగ్గిస్తుందని ప్రకటించారు. అందులో పనిచేసేదీ సాపోనినే. ఇప్పచెక్కను గురించి వందేళ్లకు ముందే ఎరిగిన పచ్చిక పాలకులకు అది కొత్త సంగతి అయి ఉండదు.

తెల్లవారుజామున, కోతయంత్రం రాకముందు, పచ్చిక పాలకుడు పొడవాటి సన్నని బద్ద ఒకటి పట్టుకొని మైదానం మీదికి వస్తాడు. దానిని పక్కలకు విసురుతూ మంచుబిందువులను రాలుస్తాడు. రాత్రి వానపాములు పోసిన మట్టి ఆరి ఉంటే ఆ దెబ్బకు పొడిపొడిగా చెదిరి గడ్డి మొదళ్లలోకి జారిపోతుంది.