కాంటర్ హాల్ రోడ్డు పాటగాడు

మలేసియాలోని మా పినాంగ్ జార్జ్‌టౌన్‌లో ఒకప్పటి కాంటర్ హాల్ రోడ్డు పేరు ఇప్పుడు జాలాన్ పి. రామ్లీ. ఆ రోడ్డు పక్కన, నేలకు కాస్త ఎత్తుగా లేపి కట్టిన చెక్క ఇల్లు ఒకటుంది. 1926 నాటిది. ఈ ఇంట్లో 1929 మార్చి 22న జకరియా అనే పిల్లవాడు పుట్టాడు. తండ్రి త్యుకు న్యాక్ పుతే సుమత్రాలోని ఆచే నుంచి వచ్చిన నావికుడు. తల్లి చే మా, సముద్రపు పాయకు అవతల బటర్‌వర్త్ వైపు ఆడపడుచు. ఆ పిల్లవాడే పి. రామ్లీ. పేరు ముందున్న 'పి' తండ్రి పేరులోని పుతే.

ఆయన్ని అందరూ సినిమా మనిషి అంటారు. అరవైకి పైగా సినిమాల్లో నటించారు, ఎన్నో తీశారు, రెండు వందలకు మించి పాటలు కట్టారు. నేను మాత్రం ఆయన్ని మా ఊరి జానపద వాగ్గేయకారుడిగానే చూస్తాను. సినిమా ఆయనకు దొరికిన వేదిక. పాట పుట్టిన చోటు ఈ వీధులే.

పినాంగ్‌లో బోరియా అనే ఆట ఉంది. బ్రిటిషు కాలంలో మద్రాసు పటాలాల వెంట వచ్చిన మొహర్రం వేడుకల నుంచి అది పుట్టిందంటారు. అందులో ముందు నిలబడే పాటగాడు చరణం అల్లి పాడితే, వెనక వేషాలు కట్టినవాళ్లు అందుకుంటారు. బుర్రకథలో కథకుడూ వంతలూ గుర్తొస్తారు. బంగ్సావాన్ నాటకాలూ ఇక్కడే మొదలయ్యాయి, 1880లలో, పార్సీ నాటకాల ప్రభావంతో. మన నాటకాలకు మెట్లు అరువిచ్చిన పార్సీ రంగస్థలమే మలయ్ నాటకానికీ దారి చూపిందని తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషమో! వీటికి తోడు పోర్చుగీసు వాసన ఉన్న క్రొంచోంగ్, అరబ్బు ఛాయల గజల్, పెళ్లిళ్లలో జోగెట్. రేవుపట్నంలో పెరిగే పిల్లవాడి చెవికి ఇంతకన్నా పెద్ద బడి ఏముంటుంది?

మొదట ఉకులేలే, తర్వాత గిటారు, ఆపైన వయొలిన్ పట్టారు. జపాను వాళ్లు వచ్చిన ఏళ్లలో వాళ్ల బడిలో జపాను పాటలూ నేర్చారు. 1947లో రేడియో పాటల పోటీలో గెలిచారు. తొలినాళ్లలో కట్టిన 'అజీజా' పాట ఇప్పటికీ మా దగ్గర పాడుకుంటారు. 1948లో బుకిత్ మెర్తాజం దగ్గర వ్యవసాయ ప్రదర్శనలో ఆయన పాడుతుంటే దర్శకుడు బి. ఎస్. రాజ్‌హంస్ విని, సింగపూర్ స్టూడియోకు రమ్మన్నారు. ఆగస్టులో రైలెక్కి వెళ్లిన కుర్రవాడికి అప్పటికి పందొమ్మిదేళ్లే.

ఆయన పాట కట్టే తీరు గురించి కాస్త నిదానంగా చెప్పాలి. మలయ్ జానపదంలో ప్రాణం పంతూన్. నాలుగు పాదాలు. మొదటి రెండింట్లో పిట్టో, చెట్టో, ఏరో ఉంటుంది; అసలు మాట చివరి రెండింట్లో పడుతుంది. ఒకటో పాదానికి మూడోది, రెండో పాదానికి నాలుగోది ప్రాసలో కలుస్తాయి. రామ్లీ బాణీల్లో నాకు ఈ నడకే వినిపిస్తుంది. ముందు తీరుబడిగా ఒక దృశ్యం, ఆ తర్వాత గుండెల్లో మాట. జానపద నృత్యాల లయలను తీసుకుని వాద్యబృందాన్ని మాత్రం తన కాలానికి తగ్గట్టు మార్చుకున్నారు. 1955లో ఆయన మొదటిసారి దర్శకత్వం వహించిన 'పెనారెక్ బెచా' రిక్షా లాగేవాడి కథ. ఆ పేదవాడి వేషమూ ఆయనే వేశారు.

1960లో వచ్చిన 'అంతారా దువా దర్జాత్'లో జమీందారీ ఇంటి పిల్లకు పియానో నేర్పే పల్లె సంగీతకారుడు ఆయన. అందులోదే 'గెతారన్ జీవా'. మాటలు ఎస్. సుదర్మాజీవి, బాణీ రామ్లీది. సంగీతం మనిషిని ఎలా కదిలిస్తుందో ఆ పాట చెబుతుంది. వినండి, ఎక్కడా గొంతు చించుకోరు. అక్షరం అక్షరం విడివిడిగా పలుకుతుంది, పాదం చివర మాత్రం చిన్న గమకం. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి పాడినట్టే పాడతారు. ఇంత నెమ్మదిగా పాడడమే కష్టమని నా నమ్మకం.

1962 నాటి 'ఇబు మెర్తువాకు'లో సాక్సఫోన్ వాయించేవాడిని అల్లుడిగా ఒప్పుకోని అత్తగారి కథ చెప్పారు. చూపు పోగొట్టుకున్న ఆ కథానాయకుడు మళ్లీ వాయించడం మొదలుపెట్టేది మా పినాంగ్‌లోనే. వాయించుకుని బతికేవాళ్లంటే అప్పటి సమాజానికున్న చిన్నచూపు ఆయన మనసును ఎంత కోసిందో ఆ సినిమా చూస్తే తెలుస్తుంది.

1964లో కౌలాలంపూర్ చేరాక రోజులు కలిసిరాలేదు. కుర్రకారు చెవి కొత్త గిటారు బృందాల వైపు తిరిగింది. 1973 మే 29న, నలభై నాలుగేళ్ల వయసులో, గుండెపోటుతో పోయారు. రోడ్డుకు పేరు పెట్టడం, 1990లో తాన్ శ్రీ బిరుదు ఇవ్వడం, అన్నీ పోయాకే. బతికుండగా ఆయన్ని ఆదుకోలేకపోవడం ఈ దేశానికి మచ్చే.

ఆయన పాడిన 'దెందాంగ్ పెరాంతావ్' పండగ నాడు ఇంటికి దూరమైన మనిషి పాట. రంజాన్‌కు ఇక్కడ ఊరంతా వినిపిస్తుంది. వలస వచ్చిన మనకంటే దాని అర్థం బాగా తెలిసేదెవరికి? మలేసియాలోని మన తెలుగు సంఘాల వారికి నాదొక మనవి. ఈసారి ఉగాది సభలో పిల్లల చేత మన జానపదంతో పాటు రామ్లీ పాట ఒక్కటైనా పాడించండి. ఆ పాట మలయ్‌లోనే ఉండనివ్వండి, దాని కథను తెలుగులో చెప్పండి.