వేడంతాంగల్ చెరువు – ఒక కౌలు కాగితం

మన తిరువళ్లూరు జిల్లా 1997లో ఏర్పడింది. అంతకుముందు ఇదంతా చెంగల్పట్టు జిల్లా. మా తిరుత్తణి మాత్రం 1960 ఏప్రిల్ 1 వరకు చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆ పాత చెంగల్పట్టు జిల్లాలోనే, మదురాంతకం దగ్గర, వేడంతాంగల్ అనే చిన్న ఊరుంది. ఆ పేరుకు వేటగాని పల్లె అని అర్థం చెప్తారు. అలాంటి ఊరే రెండు వందల ఏండ్లకు పైగా పక్షులకు కాపలా కాసింది!

ఆ ఊరి చెరువు సుమారు 30 హెక్టార్లు, అంటే 75 ఎకరాలు కూడా లేదు. వానలకు చెరువు నిండితే నీళ్ళ నడుమ నిలిచిన చెట్ల మీద నత్తగుల్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు, గూడబాతులు వచ్చి గూళ్ళు కట్టి పిల్లల్ని లేపుతాయి. వాటి రెట్ట నీళ్ళలో పడుతుంది. ఆ నీళ్ళు పారిన వరి పొలం బాగా పండుతుందని రైతులు ఏనాడో గమనించారు. శాస్త్రం చదివి తెలుసుకున్నది కాదు, పొలం చూసి తెలుసుకున్నది. పక్షి మీద ప్రేమ ఎంతో, పంట మీద ఆశ కూడా అంతే. అందులో తప్పేముంది?

ఈస్టిండియా కంపెనీ కాలంలో సిపాయిలు వచ్చి ఆ పక్షులను తుపాకులతో కాల్చేవారు. ఊరివాళ్ళు ఊరుకోలేదు. కలెక్టరు లయనెల్ ప్లేస్ దగ్గరికి పోయి మొరపెట్టుకున్నారు. ఆయన 1798లో, ఇక్కడ ఎవరూ పక్షులను వేటాడకూడదని వాళ్ళకు ఒక కౌలు రాసిచ్చాడు. ఇప్పుడు కౌలు అంటే పొలం గుత్తకు తీసుకోవడమే మనకు తెలుసు. అప్పట్లో సర్కారు రాసిచ్చే హామీ పత్రాన్ని కూడా కౌలు అనేవారు. (మదురాంతకం పెద్ద చెరువు కట్ట తెగకుండా రాముడే కావలి కాశాడని అక్కడి గుడి కథలో వచ్చే కలెక్టరు కూడా ఈ ప్లేస్ దొరే.)

ఆ ఊరివాళ్ళకు అంత ధైర్యం ఎక్కడిది? ఆ రోజుల్లో చెరువు పూడిక తీయడం, కట్ట వేయడం ఊరి జనమే కలిసి చేసుకునేవారు. తమిళంలో దాన్ని కుడిమరామత్తు అంటారు. చెరువు తమది కాబట్టి, చెరువులోని పక్షి కూడా తమదే అనుకుని ఉంటారని నాకు తోస్తుంది.

1858లో ఆ హామీని మళ్ళీ ఖాయం చేశారు. సర్కారు దాన్ని అభయారణ్యంగా గుర్తించింది 1936లో. కౌలు తర్వాత 138 ఏండ్లకన్నమాట! ప్రపంచంలో మొదటి జాతీయ వనమని మనం చదువుకునే అమెరికాలోని ఎల్లోస్టోన్ కూడా 1872లోనే ఏర్పడింది. మన దేశంలో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది 1972లో. 2022లో వేడంతాంగల్ రామ్‌సర్ జాబితాలో చేరింది.

ఇలాంటి ఊళ్ళు ఇంకా ఉన్నాయి. శివగంగ జిల్లాలో వేట్టంగుడి పక్షుల చెరువు పక్కనున్న కొల్లుకుడిపట్టివాళ్ళు దీపావళికి టపాకాయలు కాల్చరు. మన వయసు పిల్లలు కూడా కాల్చరంటే ఆలోచించండి.

మనకు దగ్గరలో, ఆంధ్రలో, దొరవారిసత్రం పక్కన నేలపట్టు ఉంది. అక్కడి చెరువు చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. 1976లో దాన్ని అభయారణ్యం చేశారు. గూళ్ళు నేలపట్టులో ఉన్నా, చేపల కోసం ఆ పక్షులు పులికాట్ సరస్సుకు పోతాయి. ఆ సరస్సు కొంత ఆంధ్రలో, కొంత మన పొన్నేరి తాలూకాలో ఉంది. మా తిరుత్తణిని ఇటు కలిపిన గీత గూడబాతుకు తెలియదు!

నాకు ఒక్కటే దిగులు. ఇప్పుడు ఊరూరా బోరుబావులు వచ్చాయి, కడ్డీ తిప్పితే నీళ్ళు. చెరువు నీళ్ళతో పని తగ్గిన చోట పూడిక తీసేవాళ్ళు లేరు, తూము చూసేవాళ్ళు లేరు, చెత్త మాత్రం చేరుతోంది. వేడంతాంగల్ రైతు కలెక్టరు దగ్గరికి నడిచిపోయింది ఆ నీళ్ళు తన మడిలోకి పారుతున్నాయి కాబట్టే. మన ఊళ్ళలో వానాకాలం చెరువు నిండినప్పుడు ఇప్పటికీ కొంగలు దిగుతున్నాయి. వాటి కోసం మొర పెట్టుకోవడానికి ఈసారి ఎవరు పోతారో మరి.